కాలువ నిండుగా ఉంది, శివారుకి నీరందలేదు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా లివర్ గురించే ఉన్నాయి. పోయిన సంచికలో లివర్ గట్టిపడటం, అంటే సిర్రోసిస్ గురించి రాశాను కదా, దాని ఫలితం అనుకుంటాను. అడిగిన సంగతులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేనివి. ఒకరికి బీపీ, ఒకరికి ఉప్పు, ఒకరికి రొమ్ము వాపు, ఇంకొకరికి మోకాళ్లు. చదువుతూ పోతే అన్నిటి వెనకా ఉన్నది ఒకటే గొడవ. అందుకని మొదటి ఉత్తరానికి పెద్ద జవాబు రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా అది చదివాకే తమ జవాబుకి రండి. అక్కడ చెప్పింది ఇక్కడ మళ్లీ చెప్పను.

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మావారికి 56 ఏళ్లు. పన్నెండేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వేసుకునేవారు. తాగుడు అలవాటు లేదు. షుగరు, ఫ్యాటీ లివర్ ముదిరి రెండేళ్ల కిందట లివర్ గట్టిపడిందన్నారు. ఆర్నెల్ల కిందట పొట్టలో కాస్త నీరు చేరింది. అప్పటి నుంచి విచిత్రంగా బీపీ దానంతట అదే తగ్గి 104/62 ఉంటోంది. పాత మాత్ర ఆపేశారు, సంతోషించాం. తర్వాత ఎండోస్కోపీ చేసి కార్వెడిలాల్ అని ఇంకోటి రాశారు. నెట్‌లో చూస్తే అదీ బీపీ మాత్రే అని ఉంది. బీపీ లేని మనిషికి బీపీ మాత్ర ఎందుకని మూడు వారాలుగా నేనే మాన్పించాను. ఆయనకి తెలియదు, డబ్బాలోంచి తీసి పడేస్తున్నాను. తప్పు చేశానా?
- ఒక గృహిణి, తణుకు

జవాబు: అమ్మా, ఉత్తరం అందిన రోజే మీరు రాసిన నంబరుకి ఫోన్ చేశాను కనుక మీకు నా మాట ముందే తెలుసు. ఇది అచ్చులో చదివే మిగతావాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను. తప్పే చేశారు. కానీ మీ చోట నేనున్నా, డాక్టరీ చదవకపోతే, అదే పని చేసేదాన్నేమో. బీపీ 104 ఉన్న మనిషి చేతిలో బీపీ మాత్ర పెట్టి, ఎందుకో ఒక్క ముక్క చెప్పకుండా పంపిస్తే ఏ ఇల్లాలికైనా అనుమానం రాదా?

మా నాన్న గోదావరి కాలువల మీద లస్కరు, అంటే లాకులు, తూములు తిప్పి నీళ్లు వదిలే మనిషి. లాకుల దగ్గరే మా క్వార్టరు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతులవారీగా నీళ్లు వదిలే రోజుల్లో కాలువ చివరనుండే శివారు ఊళ్ల రైతులు సైకిళ్ల మీద వచ్చి మా గుమ్మం ముందు కూర్చునేవాళ్లు. కాలువ చూస్తే ఒడ్డు ఒరుసుకుని పారుతుండేది. “ఇంత నీరు పెట్టుకుని చేలు ఎండుతున్నాయంటారేమిటి నాన్నా?” అని అడిగితే, “కాలువ నిండుగా ఉందని చూడకు, శివారుకి అందిందా అని చూడు” అనేవాడు. మీ వారి ఒంట్లో జరుగుతున్నది ఇదే.

ముందు మీరు అనుకుంటున్న బీపీ, ఆయనకున్న బీపీ వేరువేరు. చేతికి పట్టీ చుట్టి కొలిచేది గుండె నుంచి బయలుదేరే ధమనుల ఒత్తిడి, 120/80 అంటామే, అది. పొట్టలో ఇంకో దారి ఉంది. పేగులు, కడుపు, ప్లీహం నుంచి రక్తమంతా పోగై ఒక పెద్ద సిర ద్వారా లివర్‌లోకి వెళ్తుంది. దాన్ని పోర్టల్ సిర అంటాం. లివర్‌కి నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం వస్తుంది, అందులో ముప్పాతిక వంతు ఈ దారినే. ఇంత రక్తం వస్తున్నా ఒత్తిడి ఏమీ ఉండదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న లివర్ స్పాంజిలా ఎంత వచ్చినా లోపలికి తీసుకుంటుంది. లివర్‌లోకి వచ్చే సిరకీ, బయటికి పోయే సిరకీ ఒత్తిడిలో తేడా 5 మి.మీ. దాటదు. అది 10కి చేరితే పక్కదారులు ఉబ్బడం మొదలవుతుంది. 12 దాటితే అవి చిట్లి రక్తం పోయే ప్రమాదం ఉంటుంది. చేతికి కట్టే మిషన్‌కి ఈ సంగతి తెలియదు. చేతి బీపీ 104 చూపిస్తున్నప్పుడే లోపల ఈ ఒత్తిడి 15 ఉండొచ్చు.

ఎందుకు పెరుగుతుందంటే, మొదటి కారణం పూడిక. లివర్‌లో గాయం మానినచోటల్లా మచ్చ కడుతుంది. కాలువలో మేట వేసినట్టే. ఒత్తిడి పెరగడానికి సుమారు మూడొంతుల కారణం ఇదే, దీన్ని మాత్రలతో తవ్వి పోయలేం. మిగతా వంతు ఆసక్తికరమైనది. లివర్‌లోని సన్నటి నాళాల చుట్టూ నక్షత్రం ఆకారంలో ఉండే కణాలుంటాయి. కుఫ్‌ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1876లోనే వాటిని చూసి నక్షత్ర కణాలని పేరు పెట్టాడు. మామూలు రోజుల్లో వాటి పని విటమిన్-ఎ దాచిపెట్టడం. లివర్ దెబ్బతింటే ఆ దాచింది వదిలేసి, కండరంలా మారి, నాళం చుట్టూ పిడికిలి బిగిస్తాయి. ‘బిగించు’ అని చెప్పే రసాయనం ఎండోథెలిన్. ‘వదులు చెయ్యి’ అని చెప్పేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. గట్టిపడిన లివర్‌లో మొదటిది ఎక్కువవుతుంది, రెండోది తగ్గుతుంది.

ఇక్కడి నుంచే తిరకాసు. లివర్‌లో కరువైన అదే నైట్రిక్ ఆక్సైడ్, లివర్ బయట, పేగుల చుట్టూ ఉన్న ధమనుల్లో అవసరానికి మించి తయారవుతుంది. పేగుల్లోంచి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారడం, లివర్ వడగట్టలేక వదిలేసిన గ్లూకగాన్ లాంటి హార్మోన్లు, నాళాల గోడల మీద పెరిగిన ఒరిపిడి, అన్నీ కలిసి ఆ ధమనుల్ని వదులు చేస్తాయి. అంటే లోపల లాకులు బిగుసుకున్నాయి, ఎగువన తూములు బార్లా తెరుచుకున్నాయి. పైనుంచి నీరు ఇంకా ఇంకా వస్తోంది, కిందికి పోయే దారి లేదు. గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి పడుతుంది. మనిషిలో ఆ బలహీనమైన గట్టు అన్నవాహిక అడుగున ఉబ్బిన సిరలు. ఎండోస్కోపీలో మీ డాక్టరు చూసింది వాటినే.

ఇక శివారు సంగతి. పొట్టలోని ధమనులు వదులై రక్తమంతా అక్కడే నిలిచిపోతే, మూత్రపిండాలకి వచ్చే ప్రవాహం సన్నబడుతుంది. ఒంట్లో మొత్తం రక్తం నిజానికి మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. కానీ మూత్రపిండానికి కాలువ కనపడదు, తన చేను ఎండటమే కనపడుతుంది. వెంటనే అర్జీ పెడుతుంది. ఆ అర్జీ పేరు రెనిన్. దాంతో యాంజియోటెన్సిన్, దాని వెనక అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరోన్ కదులుతాయి. ‘ఉప్పు ఒక్క రవ్వ కూడా బయటికి పోనివ్వద్దు’ అన్నది ఆల్డోస్టెరోన్ హుకుం. ఇంకా ముదిరితే మెదడు అడుగు నుంచి వాసోప్రెసిన్ వచ్చి ‘నీళ్లూ పోనివ్వద్దు’ అంటుంది. పట్టి ఉంచిన ఉప్పూ నీరూ శివారుకి చేరతాయా అంటే చేరవు. ఆ నిండు కాలువలోనే కలిసి, గట్టు మీదుగా పొర్లి పొట్టలోకి ఊరతాయి. జలోదరం అనేది అదే. వరదలో మునిగిన ఊరు ‘మాకు తాగునీరు లేదు మహాప్రభో’ అని అర్జీలు పెడుతున్నట్టు.

1988లో నేను విశాఖలో ఎండీ చదువుతున్నాను. అంతకు ముందు మాకు పరీక్షల్లో రెండు వాదాలు రాయమనేవాళ్లు. రక్తం తక్కువై ఉప్పు పడుతుందని ఒకటి, ఉప్పు ఎక్కువై పొర్లుతుందని ఒకటి. ఏది రాసినా రెండో పరీక్షకుడికి కోపం. ఆ ఏడాదే అమెరికాలో ష్రయర్ అనే మూత్రపిండాల వైద్యుడు, ఆయన సహచరులు ఈ రెండిటినీ కలిపి, మొదట ధమనులు వదులవుతాయి, తతిమ్మాదంతా దాని వెనకే వస్తుందని రాశారు. ఎండోథెలిన్‌ని జపాన్‌లో యనగిసావా బృందం కనిపెట్టింది కూడా ఆ ఏడాదే. నైట్రిక్ ఆక్సైడ్ వార్తాహరుడని తేల్చిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. ష్రయర్ వ్యాసం గురించి ప్రొఫెసరుగారు క్లాసులో చెబుతుంటే నాకు లాకుల దగ్గర సైకిళ్లు గుర్తొచ్చాయి. పైకి అనలేదు లెండి, నవ్వుతారని.

ఇప్పుడు మీ వారి బీపీ ఎందుకు తగ్గిందో మీకే తెలిసిపోయి ఉంటుంది. అది బాగుపడటం కాదమ్మా. ధమనులు వదులవడం వల్ల తగ్గింది. ఇవాళ ఆయన చెయ్యి ఒకసారి పట్టుకుని చూడండి. అరచెయ్యి వెచ్చగా, ఎర్రగా ఉంటుంది. నాడి వేలికి ఠక్‌ఠక్‌మని ఎగిరి తగులుతుంది. గుండె ఖాళీ నాళాలు నింపలేక ఎక్కువ పని చేస్తోంది. వార్డులో నేను కేస్‌షీటు తెరవక ముందు చెయ్యి పట్టుకునేదాన్ని. వెచ్చటి చెయ్యి, ఎగిరే నాడి, తక్కువ బీపీ. ఈ మూడూ కలిస్తే సగం కేసు అక్కడే తెలిసేది.

పాత టెల్మిసార్టాన్ ఆపడం సరైన పని. ఆ వర్గం మందులు, పేరు చివర ‘సార్టాన్’ అనో ‘ప్రిల్’ అనో ఉండేవి, యాంజియోటెన్సిన్‌కి అడ్డుపడతాయి. పొట్టలో నీరు చేరాక మూత్రపిండం ఆ యాంజియోటెన్సిన్ చలవతోనే బతుకుతోంది. దాన్ని లాగేస్తే కూలబడుతుంది.

కార్వెడిలాల్ కథ వేరు. అది గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది, పేగుల వైపు తెరుచుకున్న తూముల్ని కొంత మూస్తుంది, లివర్ లోపలి పిడికిలిని కొంచెం వదులు చేస్తుంది. ఆయనకి ఇచ్చింది చేతి బీపీ కోసం కాదు, గండి పడకుండా. ఈ ఆలోచన పారిస్‌లో పుట్టింది. గుండెనొప్పికి వాడే ప్రొప్రనొలాల్‌ని 1980 ప్రాంతంలో లెబ్రెక్ అనే వైద్యుడి బృందం లివర్ రోగులకిచ్చి, రక్తపు వాంతులు మళ్లీ రావడం తగ్గిందని చూపించింది. కార్వెడిలాల్ దానికి చెల్లెలి వరస. మామూలుగా 6.25 మి.గ్రా.తో మొదలుపెట్టి, తట్టుకుంటే 12.5 దాకా తీసుకెళ్తారు. పై బీపీ 90 కంటే దిగితేనో, మూత్రపిండాలు మొరాయిస్తేనో తగ్గిస్తారు, ఆపుతారు. అది డాక్టరు చేసే పని. ఇంట్లో గుట్టుగా చేసే పని కాదు, అందులోనూ ఒక్కసారిగా ఆపడం అసలే కాదు.

మీరు ఫోన్‌లో ‘ఆయనకి చెప్పాలా?’ అని అడిగారు. చెప్పాలి. డాక్టరుకీ చెప్పాలి. మూడు వారాలు వేసుకోలేదని తెలియకపోతే, మాత్ర పని చేయలేదనుకుని మోతాదు పెంచేస్తారు. ఈలోగా రక్తపు వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా జిగటగా అయినా తెల్లారేదాకా ఆగకండి. ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే తీసుకెళ్లాలి.

(ఈ సంచిక ప్రెస్‌కి వెళ్లే ముందు ఆవిడే ఫోన్ చేశారు. మాత్ర మళ్లీ మొదలైంది. “ఆయన కోప్పడలేదండీ, రోజూ నా ముందే వేసుకుని నోరు తెరిచి చూపిస్తున్నారు” అన్నారు.)

ప్రశ్న: మేడమ్, నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తాను. నాన్నగారు అమ్మతో విజయనగరంలో ఉంటారు. లివర్ సిర్రోసిస్, పొట్టలో నీరు, కాళ్ల వాపు. పోయిన నెల రక్తపరీక్షలో సోడియం 126 వచ్చింది. పక్కింటి అంకుల్ ‘సోడియం అంటే ఉప్పే కదా’ అని చెప్పడంతో అమ్మ మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తోంది, రోజుకో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కూడా. పది రోజుల్లో నాలుగు కేజీలు పెరిగారు. డాక్టరేమో ఉప్పు తగ్గించమంటున్నారు. సోడియం తక్కువైతే ఉప్పు తగ్గించమనడమేమిటి?
- ఒక కూతురు, బెంగళూరు

జవాబు: అమ్మాయీ, ముందు అమ్మకి ఫోన్ చేసి ఆ మజ్జిగా ఓఆర్‌ఎస్సూ ఆపించు. తర్వాత వచ్చి ఇది చదువు.

పొయ్యి మీద చారు మరుగుతోంది. రుచి చూస్తే చప్పగా ఉంది. కారణాలు రెండు ఉండొచ్చు. ఉప్పు వేయడం మరిచిపోయి ఉండాలి, లేదా వేయాల్సినంత వేశాక ఎవరో రెండు చెంబులు నీళ్లు పోసి ఉండాలి. మీ నాన్నగారిది రెండోది. ఒంట్లో ఉప్పు నిజానికి చాలా ఎక్కువ ఉంది, ఆల్డోస్టెరోన్ రవ్వ కూడా పోనివ్వడం లేదు. కానీ వాసోప్రెసిన్ దానికి మించి నీళ్లు పట్టి ఉంచింది. 126 అనేది ఉప్పు ఎంతుందో చెప్పే అంకె కాదు, ఉప్పుకీ నీటికీ ఉన్న నిష్పత్తి. అలాంటి చారులో ఇంకా ఉప్పు వేస్తే ఏమవుతుంది? దాహం వేస్తుంది, ఇంకా నీళ్లు తాగుతారు, చారు గిన్నె పొర్లుతుంది. నాలుగు కేజీలంటే నాలుగు లీటర్లు, లెక్క అంతే.

రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీస్పూను. కూరలో, పప్పులో, పెరుగన్నంలో, అన్నీ కలిపి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఉప్పు చేపలు, బేకరీ సరుకు ఈ లెక్కలోకి వస్తే స్పూను ఎక్కడికీ చాలదు. ఉత్తరాంధ్రలో ఎండు చేప లేకుండా పూట గడవని ఇళ్లున్నాయని నాకు తెలుసు, అయినా తప్పదు. అమ్మని వంట మొదలుపెట్టే ముందు రోజూ ఆ స్పూను కొలిచి ఒక చిన్న గిన్నెలో వేసుకోమను. వంటంతా దాంట్లోంచే. నిమ్మకాయ, చింతపండు, కొత్తిమీర, ఇంగువ ఎంతైనా వాడొచ్చు.

రెండు జాగ్రత్తలు. ‘తక్కువ సోడియం ఉప్పు’ అని ప్యాకెట్లు అమ్ముతున్నారు, వాటిలో పొటాషియం కలుపుతారు. నాన్నగారు పొట్టలో నీరు తగ్గించే స్పైరనోలాక్టోన్ మాత్ర వేసుకుంటుంటే అదే ఒంట్లో పొటాషియం పెంచుతుంది, రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం. చలవ చేస్తుందని రోజూ కొబ్బరిబోండాం కొట్టించడం కూడా ఇందుకే వద్దంటాం.

నీళ్లు తగ్గించాలా అంటే, సోడియం 125 కంటే దిగితే అప్పుడు రోజుకి లీటరు, లీటరున్నరకి కట్టడి చేస్తారు. ఆ మెట్టు మీదే ఉన్నారు కనుక వారంలో మళ్లీ పరీక్ష చేయించాలి. ఒంట్లో నీరు తీసే మాత్రల మోతాదు కూడా అప్పుడు డాక్టరు చూసుకుంటారు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, పగలు నిద్ర, రాత్రి మెలకువ అయినా ఆ పరీక్ష కోసం ఆగొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రోజూ పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, కాఫీకి ముందు బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాయమను. మాత్రలు పని చేస్తుంటే రోజుకి అరకేజీ తగ్గాలి, కాళ్ల వాపు ఉన్నన్నాళ్లు కేజీ దాకా పర్వాలేదు. ఇంకా వేగంగా దిగితే సంబరపడకండి. తగ్గేది పొట్టలో నీరు కాదు, శివారుకి పోవాల్సిన నీరు.

పొట్టలో నీరు సూదితో తీయించినప్పుడు ‘ఈ అల్బుమిన్ సీసాలెందుకు, ఇంత ఖరీదు’ అని నీ ఉత్తరం చివర్లో అడిగావు. అయిదు లీటర్లకి మించి తీస్తే, తీసిన ప్రతి లీటరుకీ సుమారు 8 గ్రాముల అల్బుమిన్, అంటే నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచే ప్రోటీన్, ఎక్కించాలి. ఆరు లీటర్లయితే 48 గ్రాములు. వంద మి.లీ. సీసా 20 శాతందైతే అందులో ఉండేది 20 గ్రాములు, కనుక దాదాపు రెండున్నర సీసాలు. పొట్ట ఖాళీ అయి మనిషి తేలిగ్గా ఊపిరి పీలుస్తాడు గానీ, ఆ తర్వాత రక్తనాళాలు ఇంకా వదులై రెనిన్ అర్జీలు రెట్టింపవుతాయి. అల్బుమిన్ లేకపోతే వారం తిరిగేసరికి మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. బిల్లులో ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించుకోవద్దు.

ప్రశ్న: డాక్టర్ గారూ, వయసు 46. తాగి తాగి లివర్ పాడు చేసుకున్నాను. మానేసి పధ్నాలుగు నెలలైంది. ఇప్పుడు రెండు వైపులా రొమ్ములు ఆడవాళ్లలా ఉబ్బాయి, చొక్కా రాసుకుంటే నొప్పి. మొన్న ఇంట్లో వ్రతానికి చొక్కా విప్పమంటే జ్వరమని చెప్పి పడుకున్నాను. ఛాతీ మీద ఎర్రటి చుక్కలు కూడా వచ్చాయి. ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను. పేరు వేయొద్దు.
- కరీంనగర్ జిల్లా

జవాబు: తమ్ముడూ, పేరు వేయను. పధ్నాలుగు నెలలు మానేశావు చూడు, అది ఈ నెల ఉత్తరాలన్నిట్లోకీ నాకు నచ్చిన వాక్యం.

మగవాళ్ల ఒంట్లో కూడా ఆడ హార్మోను ఈస్ట్రోజెన్ కొంత ఉంటుంది. లివర్ సరిగా లేనప్పుడు మగ హార్మోన్ల ముడిసరుకు కొవ్వులోనూ ఇతర చోట్లా ఈస్ట్రోజెన్‌గా మారడం ఎక్కువవుతుంది. వృషణాల్లో టెస్టోస్టెరోన్ తయారీ తగ్గుతుంది. తయారైన దాన్ని కూడా ఒక ప్రోటీన్ పట్టి ఉంచి పని చేయనివ్వదు. తక్కెడ అటు ఒరుగుతుంది. రొమ్ము కణజాలం పెరగడం, గడ్డం పలచబడటం, కోరిక తగ్గడం ఇందువల్లే. నువ్వు ఆ చివరిది రాయలేదు, అడగకపోయినా చెబుతున్నాను. చాలామందికి ఉంటుంది, లివర్ కుదుటపడే కొద్దీ కొంత సర్దుకుంటుంది.

ఇది ఒక సగం. రెండో సగం నీ మందుల డబ్బాలో ఉందేమో చూడు. పొట్టలో నీరు తగ్గడానికి స్పైరనోలాక్టోన్ ఇచ్చారా? అది ఆల్డోస్టెరోన్ కూర్చునే కుర్చీలో కూర్చుని దాని హుకుం చెల్లకుండా చేస్తుంది. చాలా మంచి మందు, జలోదరానికి దానంత నమ్మకమైనది లేదు. కాకపోతే కుర్చీలు గుర్తుపట్టడంలో దానికి చూపు తక్కువ. మగ హార్మోను కుర్చీలో కూడా కూర్చుంటుంది. నొప్పితో కూడిన వాపుకి తరచుగా అదే కారణం. నీ అంతట నువ్వు ఆపకు, వారంలో పొట్ట నిండుతుంది. ‘రొమ్ము నొప్పిగా ఉంది, మాత్ర మార్చగలరా’ అని డాక్టరుని అడుగు. ఎప్లెరెనోన్ అని ఉంది, దానికి చూపు మెరుగు. అమిలోరైడ్ కూడా వాడతారు, బలం కొంచెం తక్కువ. ఇలాంటి రోగులు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చి, బరువు, మూత్రం, నిద్ర అన్నీ చెప్పి, లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి అసలు సంగతి చెప్పేవాళ్లు. నువ్వు కూర్చోగానే చెప్పు.

ఒక్క వైపే గట్టిగా గడ్డలా ఉంటే మాత్రం విడిగా చూపించుకోవాలి. టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్లు, జిమ్ వాళ్లు ఇచ్చే పొడుల జోలికి పోవద్దు.

ఆ ఎర్ర చుక్కల సంగతి. అద్దం ముందు నిలబడి ఒక చుక్కని పరీక్షగా చూడు. మధ్యలో బొట్టు, దాని నుంచి సాలీడు కాళ్లలా సన్నటి గీతలు. గాజుగ్లాసు అడుగుతో దాని మీద నొక్కితే మాయమవుతుంది, తీయగానే మధ్య బొట్టు నుంచి కాళ్ల చివరకి రక్తం పాకుతూ వస్తుంది. అది చర్మంలో వదులైన ఒక చిన్న ధమని. గర్భిణులకి కూడా ఇవి వచ్చి, కాన్పయ్యాక చాలావరకు పోతాయి. హార్మోన్లకీ రక్తనాళాలకీ ఉన్న చుట్టరికం బయటికి కనపడే చోటు ఇది. వాటికి పూతలు, లేజర్లు అక్కర్లేదు.

వ్రతానికి ఉత్తరీయం కప్పుకుని కూర్చో. పంతులుగారేమీ అనుకోరు.

ప్రశ్న: మా అత్తగారికి 63, లివర్ గట్టిపడిందని మందులు వాడుతున్నారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చి వేశాం. నాలుగు రోజులకి మూత్రం బాగా తగ్గి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. పారాసిటమాల్ లివర్‌కి ప్రమాదమంటారు కదా అని అది ఇవ్వలేదు. మేం చేసింది తప్పా?
- ఒక కోడలు, ఒంగోలు

జవాబు: అమ్మా, మీరు జాగ్రత్త పడాలనే చూశారు. జాగ్రత్త తారుమారైంది. పైనుంచి నీరు సన్నగా వస్తున్నప్పుడు మూత్రపిండం తన పొలం గట్టు మీద ఒక చిన్న తూము సొంతంగా తెరుచుకుని బతుకుతుంది. ఆ తూము పేరు ప్రోస్టాగ్లాండిన్. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, అన్నీ ఆ తూముని మూసేవే. మాత్రే కాదు, ఇంజెక్షన్ కూడా అంతే.

పారాసిటమాల్ భయం మోతాదు దాటితేనే. తాగుడు లేకుండా, తిండి సరిగా తినేవాళ్లకి లివర్ గట్టిపడినా రోజుకి 2 గ్రాముల లోపు, అంటే 500 మి.గ్రా. మాత్రలు నాలుగు మించకుండా, డాక్టరుకి చెప్పి వాడొచ్చు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, లెక్కలో వేసుకోండి.

ఆసుపత్రిలో అత్తగారికి టెర్లిప్రెసిన్ అని ఇంజెక్షన్ ఇచ్చారని, అదేమిటని అడిగారు. ఇందాక చెప్పిన వాసోప్రెసిన్‌కి తయారు చేసిన తమ్ముడు. వదులైన పొట్ట ధమనుల్ని బిగించి, రక్తాన్ని మూత్రపిండాల వైపు మళ్లిస్తుంది. మన దగ్గర చాలా ఏళ్లుగా వాడుతున్నాం, అమెరికాలో 2022లో గానీ అనుమతి రాలేదు. బిగించే మందు కనుక వేళ్లు నీలం రంగుకి తిరగడం, గుండెనొప్పి, ఆయాసం కనిపెడుతూ ఉంటారు. కాలి వేళ్లు చల్లబడ్డాయని మీరు నర్సుకి చెబితే ఆపేశారన్నారు. మంచి పని చేశారు.

ప్రశ్న: నాకు లివర్ జబ్బు ఉంది. పడుకుంటే బాగానే ఉంటుంది, లేచి కూర్చుంటే ఆయాసం. అందరికీ దీనికి తిరగబడి ఉంటుంది కదా? హార్మోన్ల పరీక్షలన్నీ చేయించుకోమంటారా?
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, హార్మోన్ల పరీక్షలు వద్దు. రెనిన్, ఆల్డోస్టెరోన్ ఎంతున్నాయో కొలిచి మీ వైద్యంలో మార్చేదేమీ ఉండదు.

కానీ మీరు రాసిన ఆ ఆయాసం మాత్రం తీసిపారేసేది కాదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో సాధారణంగా పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం. మీది తల్లకిందులు. నాళాలు వదులయ్యే గొడవ కొందరిలో ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. అక్కడి సన్నటి నాళాలు వెడల్పయి, రక్తం ప్రాణవాయువు పూర్తిగా అందుకోకుండానే జారిపోతుంది. కూర్చున్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల అడుగుకి చేరుతుంది, వెడల్పయిన నాళాలు ఎక్కువ ఉండేది అక్కడే. దీన్ని తేల్చడానికి ఉప్పునీటిని నురగొచ్చేలా గిలక్కొట్టి చేతి సిరలోకి ఇచ్చి, ఆ బుడగలు గుండె ఎడమ వైపుకి ఎన్ని కొట్టుకల తర్వాత చేరాయో ఎకోలో, అంటే గుండె స్కానింగులో చూస్తారు. ఇదే అని తేలితే లివర్ మార్పిడి గురించి తొందరగా మాట్లాడాలి, ఎందుకంటే లివర్ మారాక చాలామందిలో ఇది సర్దుకుంటుంది.

కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు మీ ఇంట్లో ఏదో సొరుగులో ఉండే ఉంటుంది. బ్యాటరీ మార్చి, పావుగంట పడుకుని ఒకసారి, తర్వాత పావుగంట కూర్చుని ఒకసారి చూడండి. రెండు అంకెలూ తేదీతో సహా కాగితం మీద రాసుకుని ఈ వారంలోనే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏ అంకెయినా 90 కంటే తక్కువ వస్తే ఆ రోజే.